క్వాంటమ్ యంత్రం వచ్చేలోగా క్వాంటమ్ రసాయనం నేర్పండి

సంపాదకులకు,

క్వాంటమ్ కంప్యూటర్ కోసం తలపెట్టిన అమరావతి క్వాంటమ్ వ్యాలీ వార్తల్లో 'కొత్త మందులు కనిపెట్టవచ్చు' అన్న మాట తరచూ వినిపిస్తోంది. రసాయనశాస్త్రం చెప్పేవాడిగా నాకది సంతోషమే. కానీ ప్రొటీన్ల మీద క్వాంటమ్ లెక్కలు, అంటే అణువుల్లో ఎలక్ట్రాన్ల తీరును తేల్చే లెక్కలు, మామూలు కంప్యూటర్లలో ఎప్పటినుంచో జరుగుతున్నాయి. అవి చేయగల పిల్లలే మన దగ్గర తక్కువ.

పీ53 అనే ప్రొటీన్ కణం క్యాన్సర్ బారిన పడకుండా కాపలా కాస్తుంది. ఎండీఎం2 అనే మరో ప్రొటీన్ దాన్ని పట్టుకుని పని చేయనివ్వదు. ఆ పట్టు విడిపించే మందు కావాలి. పట్టు ముఖ్యంగా పీ53లోని మూడు అమైనో ఆమ్లాల మీద ఉంది: 19వ స్థానంలో ఫినైల్‌అలనిన్, 23లో ట్రిప్టోఫాన్, 26లో ల్యూసిన్. ఇలాంటి చోట ఏది ఎంత బలంగా పట్టుకుందో కచ్చితంగా తేల్చాలంటే ఎలక్ట్రాన్ల కదలిక లెక్కకట్టాలి. పరమాణువులను బంతులుగా, బంధాలను స్ప్రింగులుగా చూసే మామూలు పద్ధతికి ఆ కదలిక అందదు. మొత్తం ప్రొటీన్‌కు ఒకేసారి క్వాంటమ్ లెక్క వేద్దామంటే, పరమాణువులు రెట్టింపైతే పని ఎనిమిది, పదహారు రెట్లు పెరుగుతుంది. అందుకే 1999లో జపాన్‌లో కజువో కితౌరా బృందం ప్రొటీన్‌ను ముక్కలు చేసి, ముక్కలకూ వాటి జతలకూ విడివిడిగా లెక్కకట్టే దారి చూపింది. కోవిడ్ కాలంలో వైరస్ స్పైక్ ప్రొటీన్‌ను అక్కడివాళ్లు ఇలాగే పరిశీలించారు. ఈ లెక్కలతోనే మందు తయారైపోదు. ప్రయోగశాల తప్పదు. అయితే ఏ అణువును ముందు తయారు చేసి చూడాలో ఇవి చెబుతాయి.

అమరావతికి 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో లెక్కకు మూల ప్రమాణాలు) ఐబీఎం యంత్రమైనా ఇంత పెద్ద ప్రొటీన్ల జంటను ఒంటిచేత్తో లెక్కకట్టజాలదు. కష్టమైన చిన్న ముక్కను దానికిచ్చి, మిగతాది మామూలు కంప్యూటర్‌తో చేయించాలి. ఏ ముక్కనివ్వాలో తెలిసిన మనిషి కావాలి కదా!

నేను చూసిన కాలేజీల్లో ఎమ్మెస్సీ పిల్లలు ఈ లెక్కలకు మూలమైన ష్రోడింగర్ సమీకరణాన్ని పరీక్షలో తప్పులేకుండా రాస్తారు. కంప్యూటర్ మీద ఒక్క నీటి అణువు శక్తినైనా లెక్కకట్టి ఎరుగరు. తప్పు వాళ్లది కాదు. ఆ ప్రాక్టికల్ సిలబస్‌లోనే లేదు. ముక్కల పద్ధతి కూడా ఉన్న గేమెస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, చిన్న అణువులకు ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్ చాలు. ఉన్నత విద్యామండలి వచ్చే సిలబస్ సవరణలోనే ఈ ప్రాక్టికల్ పెట్టి, ముందుగా అధ్యాపకులకు శిక్షణ ఇప్పించాలి. పెద్ద లెక్కలకు జిల్లా కాలేజీల విద్యార్థులకు కూడా సూపర్ కంప్యూటర్ సమయం కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు