మంగళవారం పరీక్ష హాల్లో జరిగింది, మీతో మాట్లాడాల్సింది

తల్లిదండ్రులకు నమస్కారం.

మంగళవారం లెక్కల పరీక్షలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరికి బాగోలేకపోయిన సంగతి సాయంత్రానికల్లా మీ గ్రూపులన్నింటిలో తిరిగేసింది. స్పృహ తప్పిందనీ, టీచరు తిట్టారనీ, పేపరు కావాలనే కష్టంగా ఇచ్చామనీ ఎవరికి తోచింది వాళ్లు రాశారు. అవేవీ నిజం కాదు. ప్రశ్నపత్రం చేతికొచ్చిన కాసేపటికి ఆ పాపకు గుండె దడ మొదలైంది, ఊపిరాడటం లేదంది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఏదో అయిపోతోందని బాగా భయపడింది. వెంటనే పక్క గదిలో కూర్చోబెట్టి ఇంటికి కబురు చేశాం. డాక్టరు పరీక్షించి గుండెకు ఏ ఇబ్బందీ లేదు, ఇది ప్యానిక్ ఎటాక్ అన్నారు. ఇప్పుడు పాప బాగుంది, బడికి వస్తోంది. ఆమె ఎవరని నాకు ఫోన్లు చేస్తున్నారు. నేను చెప్పను, మీరు పిల్లల్ని గుచ్చి గుచ్చి అడగొద్దు కూడా.

అదంతా నటన అని ఒకరు రాశారు. చదివి చాలా బాధపడ్డాను. ఆపద వచ్చిందని మెదడు అనుకోగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి గబగబా తీసుకుంటాం. అలా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, తల తిరగడం, వేళ్ల తిమ్మిరి దానివల్లే. పారిపోవడానికి పనికొచ్చే ఈ ఏర్పాటు కూర్చుని లెక్క చేయడానికి మాత్రం అడ్డమే, ఎందుకంటే అంకెల్ని మనసులో నిలుపుకుని ఆలోచించే మెదడు ముందుభాగం ఆ సమయంలో సరిగా పనిచేయదు. రాత్రి గడగడా అప్పజెప్పిన సూత్రం పొద్దున గుర్తు రాలేదంటే పిల్లకు శ్రద్ధ లేదని కాదు.

కొంచెం టెన్షన్ ఉంటేనే కదా చదువుతారు అని ఒక నాన్నగారు అడిగారు. కొంచెం అయితే నిజమే. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాలు చేసి, కష్టమైన పని నేర్చుకునేటప్పుడు ఒత్తిడి ఒక హద్దు దాటితే నేర్చుకోవడం మందగిస్తుందని చూపించారు. ఒక పరీక్ష టెన్షన్ ఆ పూటతో పోతుంది. నెలల తరబడి పోకుండా ఉండిపోతేనే నిద్ర చెడి, ఊరికే కడుపునొప్పి, తలనొప్పి అంటూ, చిన్న మాటకే విరుచుకుపడుతూ, చివరికి ఆందోళన, డిప్రెషన్ దాకా వెళ్లే ముప్పు ఉంటుంది.

ఆ రోజు ఆ పాప పక్కన కూర్చున్న ఇద్దరు అమ్మాయిల గురించి చెప్పకుండా ఉండలేను. టీచరు కంటే ముందు వాళ్లే గమనించారు. ‘నాతో పాటు ఊపిరి తీసుకో, వదిలేటప్పుడు ఇంకా నెమ్మదిగా వదులు’ అంటూ ఒకరు చేయి పట్టుకుంటే, రెండో అమ్మాయి లేచి టీచరుకు చెప్పింది. ఊపిరి నిదానంగా, పొడవుగా వదిలితే గుండె వేగం తగ్గుతుందని పీటీ క్లాసులో నేర్పాం, పరీక్ష మధ్యలో అది గుర్తుపెట్టుకున్నారు చూడండి! ఎనిమిదో తరగతి పిల్లలు ఇంకో అడుగు ముందున్నారు. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద పెట్టిన విద్యార్థులు మెరుగ్గా రాశారని 2011లో ‘సైన్స్’ అనే పత్రికలో వచ్చిన అధ్యయనం గురించి టీచరు చెబితే, మేమూ చేస్తామని వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టారు. ఆ కాగితాలు ఎవరూ చదవరు, మీరూ అడగకండి.

ఇక నిద్ర. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్తాను. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు. పగలు చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే, అంటే నిద్ర మాని చదివితే చదివినదానికే నష్టం. యుక్తవయసులో నిద్ర రావడమే కాస్త ఆలస్యమవుతుంది, ఆపైన చేతిలో ఫోన్, ఆపైన ‘ఇంకో చాప్టరు అయ్యాక పడుకో’ అనే మన మాట! మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చే పిల్లల్ని రోజూ చూస్తున్నాను, నాకు కోపం రావడం లేదు, భయమేస్తోంది. ఈ నెలంతా రాత్రి ఫోన్లు పిల్లల గదిలో ఉండనివ్వకండి, మీ ఫోన్లతో సహా. పరీక్షలని ఆటలు మాన్పించమని అడిగే ఉత్తరాలు కూడా ఇక పంపకండి, ఆ పీరియడ్ తీసేయను. ఈ వయసు పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

మీ ప్రేమ మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ గేటు దగ్గర పిల్లాడు బ్యాగు దించకముందే ‘ఎన్నొచ్చాయి’, ఆ వెంటనే ‘ఫస్ట్ ఎవరికొచ్చింది’ అని అడగడం రోజూ వింటున్నాను. మార్కుల కాగితాలు ఫొటో తీసి గ్రూపులో పెట్టడం, అక్కతోనో పక్కింటివాళ్ల అబ్బాయితోనో పోల్చడం, ర్యాంకు గురించి రాత్రి పదకొండింటికి క్లాస్ టీచరుకు మెసేజ్ పెట్టడం దయచేసి ఆపండి. టీచర్లకూ నిద్ర కావాలి.

బిడ్డ రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటే, స్నేహితులకు దూరమైతే, తిండీ నిద్రా మారిపోతే డాక్టరుకు చూపించండి. చచ్చిపోవాలనుంది అని సరదాగా అన్నట్టు అనిపించినా ఆ రోజే చూపించాలి, ఒంటరిగా వదలకూడదు. అలా అనిపిస్తోందా అని మీరే నేరుగా అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

లైబ్రరీ పుస్తకాలు శుక్రవారంలోగా తిరిగివ్వాలి, బస్సు వేళలు మారాయి కాబట్టి నోటీసు బోర్డు చూడండి, ఫీజు రసీదులు ఆఫీసులో ఉన్నాయి.

శనివారం ఉదయం పది గంటలకు కౌన్సెలర్‌తో సమావేశం. పోయినసారి దాదాపు అమ్మలే వచ్చారు. ఈసారి నాన్నలు కూడా రావాలి.

మీ ప్రధానోపాధ్యాయురాలు