షేక్‌పేట ఫ్లైఓవర్ మీద కాలు ఆన్చిన తమ్ముడికి

రాత్రి షిఫ్టు దిగాక గచ్చిబౌలి నుంచి మెహిదీపట్నం దాకా బండి మీద వెళ్లే ఆ కాసేపు నాకు రోజంతటిలో ఇష్టం. పగలు నరకం చూపించే రోడ్డు మీద అప్పుడు చల్లగాలి తప్ప ఇంకేం ఉండదు. 2022లో తెరిచిన షేక్‌పేట ఫ్లైఓవర్ మీదైతే 2.8 కిలోమీటర్లూ బ్రేకు తొక్కే పనే లేదు.

మొన్న సరిగ్గా దాని మధ్యలో బండి దగ్గి ఆగింది. రిజర్వు కూడా ఖాళీ (తప్పు నాదేలే). వీపున డెలివరీ బ్యాగుతో నువ్వొచ్చావ్. "పెట్రోలా అన్నా? ఎక్కు, హ్యాండిల్ సీదా పట్టుకో" అంటూ అరిగిన చెప్పు కాలు నా వెనక ఫుట్‌రెస్టుకు ఆన్చి, తెరిచున్న బంకు దాకా తోశావ్. నా బండికి చప్పుడే లేదు, మోతంతా నీదే.

పేరడిగేలోపు నీకు ఆర్డరు మోగింది. థాంక్స్ తమ్ముడూ, ఛాయ్ బాకీ ఉన్నా.