కోసిన పన్నును మళ్లీ అడగకండి: పన్ను అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పన్ను అధికారి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్ మౌలాలిలో ఉంటాను. నేను పనిచేసిన సంస్థ నెలనెలా నా జీతంలోంచి పన్ను కోసుకుంది, ప్రభుత్వ ఖాతాలో మాత్రం జమ చేయలేదు. అందుకే నా పేరిట జమైన పన్నుల పట్టిక అయిన 26ఏఎస్‌లో ఆ సొమ్ము కనబడదు. రిటర్నుకూ దానికీ పొంతన లేదంటూ ఆదాయపు పన్ను చట్టం 143(1) సెక్షన్ కింద రూ.38,400 కట్టమని మీ నోటీసు వచ్చింది.

డిమాండును అంగీకరించనని ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మూడుసార్లు జవాబిచ్చాను. జీతపు చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాను. రెండు బస్సులు మారి మీ కార్యాలయానికి వస్తే, కిటికీ దగ్గరి గుమస్తా గారు కాగితాలు తిప్పి చూసి, "కంప్యూటర్‌లో లేదమ్మా" అన్నారు. లేదనే కదా నేను వచ్చింది!

ఈలోగా మరుసటి ఏడాది నాకు రావలసిన రీఫండును ఆ బాకీ కింద సర్దుబాటు చేశారు. అది మా అత్తగారి కంటి ఆపరేషన్‌కు అనుకున్న డబ్బు. ఆవిడ ఇప్పుడు బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరుతున్నారు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ ప్రకారం, జీతంలో కోసిన మేరకు పన్నును ఉద్యోగిని మళ్లీ కట్టమనకూడదు. అడగవలసింది ఆ సంస్థను. దయచేసి ఈ డిమాండును రద్దు చేసి, నా రీఫండు ఇప్పించండి. కాదంటే కారణాన్ని రాతపూర్వకంగా, తెలుగులో తెలియజేయండి.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు