మిథనాల్ ఇంధనంగా రాకముందే భద్రతా నియమాలు రావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మిథనాల్‌ను రేపటి ఇంధనంగా పరిచయం చేసే వార్తలు, వ్యాసాలు ఈ మధ్య పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. వాటిలో ఓడల గురించి, బయోడీజిల్ గురించి, కర్బన ఉద్గారాల గురించి చాలా సమాచారం ఉంటోంది కానీ, ఆ ద్రవాన్ని డ్రమ్ముల్లోంచి వంపి, కొలిచి, కలిపే మనుషుల గురించిన ప్రస్తావన అరుదు. రసాయనశాస్త్రం బోధిస్తూ ప్రయోగశాలలో ఆ సీసాలను నిత్యం వాడే నాకు ఇది పెద్ద లోటుగా తోస్తోంది. మిథనాల్‌ను నేను వ్యతిరేకించడం లేదు. ప్రయోగశాలలో దాని విషయంలో పాటించే జాగ్రత్తలను, అది ఇంధనంగా విస్తరించకముందే, అందరికీ వర్తించే నియమాలుగా మార్చాలన్నదే నా విజ్ఞప్తి.

ఆల్కహాల్‌లలో అన్నిటికంటే సరళమైనది మిథనాల్. అణువులో ఉండేది ఒక్క కార్బన్ పరమాణువే. ఒకప్పుడు కలపను గాలి తగలకుండా కాల్చి దీన్ని రాబట్టేవారు. 1923లో జర్మనీకి చెందిన బీఏఎస్‌ఎఫ్ సంస్థ కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోజన్‌ను అధిక పీడనం వద్ద కలిపి పారిశ్రామికంగా తయారు చేయడం మొదలుపెట్టింది. 1960ల్లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ సంస్థ రాగి, జింక్ ఆక్సైడ్‌లతో కూడిన ఉత్ప్రేరకంతో ఆ పీడనాన్ని బాగా తగ్గించగలిగింది. నేటికీ ప్రధానంగా ఇదే పద్ధతి. ప్రపంచమంతటా ఏటా తయారయ్యే సుమారు 10 కోట్ల టన్నుల మిథనాల్‌లో దాదాపు మొత్తం సహజవాయువు నుంచో బొగ్గు నుంచో వస్తున్నదే. భూగర్భ ఉష్ణ విద్యుత్ కేంద్రం వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో ఐస్‌లాండ్‌లో 2012లో ప్రారంభమైన కర్మాగారం వంటివి ఆశ కలిగించేవే అయినా, ఇప్పటికి అవి చాలా చిన్నవి. కాబట్టి ‘స్వచ్ఛ ఇంధనం’ అని రాసేటప్పుడు అది దేనినుంచి తయారైందో కూడా పక్కనే రాయడం న్యాయం.

ఇంధనంగా దాని గుణాలు ఆకర్షణీయమైనవనడంలో సందేహం లేదు. ఆక్టేన్ సంఖ్య (ఇంజిన్‌లో ఇంధనం అదుపు తప్పి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ, మండినప్పుడు మసి దాదాపు ఉండదు, మామూలు ఉష్ణోగ్రత వద్ద ద్రవంగానే ఉంటుంది కనుక హైడ్రోజన్ కంటే నిల్వ సులువు. లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలులో సగమే అయినా, ట్యాంకులకు చోటు కేటాయించగల ఓడలకు అది మరీ పెద్ద ఇబ్బంది కాదు. 2015లో స్టెనా జర్మానికా అనే ప్రయాణికుల ఓడను మిథనాల్‌తో నడిచేలా మార్చిన తరువాత సరుకు రవాణా ఓడలు కూడా ఆ దారి పట్టాయి.

అయితే ఓడల్లో శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు, ఆవిరిని పసిగట్టే పరికరాలు ఉంటాయి. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది బయోడీజిల్. నూనెను మిథనాల్‌తో, కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్ వంటి క్షారంతో కలిపి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద తిప్పితే నూనె అణువు విడిపోయి మిథైల్ ఎస్టర్లు, గ్లిజరాల్ (గ్లిజరిన్) ఏర్పడతాయి. ఆ ఎస్టర్లే బయోడీజిల్. లెక్క ప్రకారం ఒక నూనె అణువుకు మూడు మిథనాల్ అణువులు చాలు. చర్య పూర్తిగా ముందుకు సాగాలంటే మాత్రం దాదాపు రెట్టింపు పోయాలి. మిథనాల్ మరిగేది 64.7 డిగ్రీల వద్ద. అంటే ఈ పని మొత్తం దాని మరుగుస్థానపు అంచున జరుగుతుంది. మూత సరిగా లేని పాత్రలో, గాలి ఆడని షెడ్డులో, వాడిన నూనెతో ఈ ప్రయత్నం చేసేవారికి ఎంత ఆవిరి తమ చుట్టూ చేరుతోందో తెలియదు. సుమారు 11 డిగ్రీల వద్దే నిప్పంటుకోగల ఆవిరి అది.

చర్య ముగిశాక మిగిలిన మిథనాల్‌లో అధికభాగం అడుగున పేరుకునే గ్లిజరాల్‌లోకి చేరుతుంది. దాన్ని మామూలు గ్లిజరిన్ అనుకుని సబ్బు తయారీకి తీసుకెళ్లేవారు ఉంటారు. పైన తేలే బయోడీజిల్‌ను సరిగా కడగకపోతే అందులోనూ కొంత మిగిలి, సురక్షితంగా నిల్వ చేయదగ్గ ఇంధనాన్ని సులువుగా మండేదిగా మారుస్తుంది. ఐరోపా ప్రమాణం బయోడీజిల్‌లో మిథనాల్‌ను 0.20 శాతానికి మించనివ్వకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

దీని మంట లేత నీలి రంగులో ఉండి పగటి వెలుగులో దాదాపు కనిపించదు. 1964 ఇండియానాపొలిస్ కార్ల పందెంలో జరిగిన ఘోర అగ్నిప్రమాదం తరువాత అక్కడ పెట్రోలు స్థానంలో మిథనాల్ వాడకం స్థిరపడింది. నీటితో ఆర్పవచ్చన్నది దానికున్న సౌలభ్యం. కానీ 1981లో అదే పందెంలో ఇంధనం నింపుతుండగా మంట లేచినప్పుడు, ఎవరు కాలుతున్నారో చుట్టూ ఉన్నవారికి వెంటనే అర్థం కాలేదు. నీటితో ఆర్పవచ్చన్న మాటనూ జాగ్రత్తగా తీసుకోవాలి: మూడు వంతుల నీటిలో ఒక వంతు మిథనాల్ ఉన్నా అది మండే ద్రవం కిందే లెక్క.

ప్రయోగశాలలో మిథనాల్ లేకుండా గడవదు. మందుల నాణ్యతను పరీక్షించే ద్రవ క్రొమటోగ్రఫీలో, పదార్థంలోని తేమను కొలిచే కార్ల్ ఫిషర్ పద్ధతిలో, రక్తపు పూతను రంగు వేయడానికి ముందు గాజు పలకపై స్థిరపరచడంలో, మొక్కల నుంచి రసాయనాలను రాబట్టడంలో అది అతిసాధారణ ద్రావణి. ఆవిరిని లాగేసే హుడ్ కింద వాడతాం, పలుచటి రబ్బరు తొడుగులను నమ్మం, దగ్గర్లో మంట ఉంచం. ఇంత తెలిసిన చోట కూడా లోహ లవణాలపై మిథనాల్ పోసి రంగురంగుల మంటలు చూపించే ప్రదర్శనలో ఎన్నో తరగతి గదుల్లో విద్యార్థులు కాలిపోయారు. మంట ఆరిందనుకుని సీసాతో మరికొంత పోస్తారు. ఆరని మంట ఆవిరిని అంటుకుని సీసాలోంచి నిప్పుధారగా ఎదుటివారి మీదికి దూసుకొస్తుంది. 2014లో అమెరికా రసాయన భద్రతా మండలి ఈ ప్రమాదాల మీద ప్రత్యేక హెచ్చరిక జారీ చేసింది. లవణ ద్రావణంలో నానబెట్టిన పుల్లను బర్నర్ మంటలో పెట్టినా అవే రంగులు కనిపిస్తాయి. అటువంటప్పుడు పిల్లల ముందు మిథనాల్ సీసా తెరవడానికి కారణమే లేదు.

ఇక విషం సంగతి. వాసనకు, రూపానికి మామూలు మద్యంలో ఉండే ఇథనాల్‌ను పోలి ఉండటంతో కల్తీ మద్యంలోకి ఇది సులువుగా చొరబడుతుంది. కాలేయం దీన్ని మొదట ఫార్మాల్డిహైడ్‌గా, తరువాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లమే చూపు నాడిని దెబ్బతీస్తుంది. 10 మిల్లీలీటర్లు చూపు పోగొట్టవచ్చు, 30 మిల్లీలీటర్లు ప్రాణమే తీయవచ్చు. తాగిన తరువాత చాలా గంటలు, ఒక్కోసారి పూర్తి రోజు, పెద్దగా లక్షణాలు కనిపించకపోవడంతో ఆస్పత్రికి చేరడమే ఆలస్యమవుతుంది. 2020లో ఇరాన్‌లో మిథనాల్ తాగి వందలాది మంది మరణించారు. ఇంధనం పేరుతో ఇదే ద్రవం చవకగా, విరివిగా దొరికే రోజు వస్తే మద్యంలో కల్తీ చేసేవారికీ అంతే సులువుగా అందుతుంది.

అందుకే ఇంధనంగా అమ్మే ప్రతి లీటరులోనూ రంగును, మింగలేనంత చేదు పదార్థాన్ని కలపడం తప్పనిసరి చేయాలి. ప్రయోగశాలకు అమ్మే మిథనాల్‌కు ఈ పద్ధతి పనికిరాదు. అతినీలలోహిత కాంతితో కొలిచే పరీక్షల్లో అణుమాత్రం కల్తీ ఉన్నా ఫలితం తప్పుతుంది. కనుక అక్కడ ఎవరు కొన్నారు, ఎంత వాడారు, ఎంత మిగిలింది అన్న లెక్క ఉండాలి. చిన్న బయోడీజిల్ కేంద్రాలకు అనుమతి ఇచ్చేముందు మూసిన పాత్రలు, మిగులు మిథనాల్‌ను తిరిగి రాబట్టే ఏర్పాటు ఉన్నాయో లేదో తనిఖీ చేయాలి. అగ్నిమాపక సిబ్బందికి ఆల్కహాల్ మంటలను తట్టుకునే ప్రత్యేక నురుగు అందించాలి, మామూలు నురుగు మిథనాల్ మీద విరిగిపోతుంది. నిల్వకేంద్రాలకు దగ్గరున్న ఆస్పత్రుల్లో విరుగుడుగా పనిచేసే ఫోమెపిజోల్ లేదా వైద్యానికి వాడే ఇథనాల్, డయాలిసిస్ సదుపాయం సిద్ధంగా ఉండాలి. మిథనాల్ ఇంధనానికి కేటాయించే నిధుల్లో వీటి ఖర్చు మొదటి పద్దుగా చేరాలని పాలకులను, ఈ విషయం మీద ప్రత్యేక కథనం వేయాలని మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు