అమ్మలుకి, గుంటూరు నుంచి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. మేడ మీద ట్యాంకు మార్పించాను. మొన్న కిశోర్ వచ్చి, మీ ఆఫీసులో టీములకు టీములే తీసేస్తున్నారని ఏదో అన్నాడు. నేను పట్టించుకోలేదు. నువ్వు రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ పెట్టేస్తున్నావని మీ అమ్మే టెన్షన్ పడుతోంది. పొద్దున టిఫిన్ తింటున్నావా?

నీ గురించని కాదు, ఊరికే గుర్తొచ్చి రాస్తున్నా. డిప్లొమా అయ్యాక మీ బాబాయి చాన్నాళ్లు ఖాళీగా ఉన్నాడు. తెనాలి పెద్దనాన్నకీ, అత్తయ్య వాళ్ల మామగారికీ చెప్పాం. అందరూ ‘చూద్దాం’ అన్నారు. ప్రేమ లేక కాదు, మనకు తెలిసిన నలుగురే వాళ్లకూ తెలుసు. వాడప్పుడు ఏదో కోర్సుకని రోజూ బెజవాడ పాసింజరు ఎక్కేవాడు. ఆ పెట్టెలో సీజన్ టికెట్ మీద వచ్చే ఒకాయన పేపరు చదివేసి, మంగళగిరి దాటాక వీడికిచ్చేవాడు. పేరు కూడా తెలియదు, అంతవరకే పరిచయం. ఒకరోజు ఆయన ‘ఏం చేస్తుంటావు బాబూ’ అంటే, ‘పని వెతుక్కుంటున్నానండి, డీజిల్ పంపు విప్పి బిగించడం వచ్చు’ అని దాచకుండా చెప్పాడు. ఆయన బావమరిదికి ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, అలాంటి కుర్రాడి కోసమే చూస్తున్నారు. సోమవారం రమ్మన్నారు. మిగతాది నీకు తెలిసిందే.

గ్రానొవెటర్ అనే అమెరికా ప్రొఫెసరు 1973లో ఇదే రాశాడు. పరిచయాల వల్ల ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు నూటికి 17 మంది కూడా లేరట. అందుకే మీ పాత ఆఫీసువాళ్లు, కాలేజీ సీనియర్లు, ఎప్పుడో పలకరించుకున్నవాళ్లు, అందరికీ రాయి. లింక్డిన్‌లో మీ కాలేజీ పేజీ తీస్తే పాత విద్యార్థులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో కనిపిస్తుందని నా పాత స్టూడెంటు ఒకడు చూపించాడు. రాసీ రాయగానే ఉద్యోగం ఇప్పించమనకు. అక్కడ పని ఎలా ఉంటుందో, ఎలాంటివాళ్లు కావాలో ఓ పావుగంట అడుగు. ఖాళీ ఉందని తెలిశాక రెఫరల్ అడుగు, అంటే వాళ్ల కంపెనీలో నీ పేరు సిఫారసు చెయ్యమని. ఆ పోస్టు లింకూ రెజ్యూమే కలిపి పంపు, వాళ్లను వెతుక్కోనివ్వకు. రెఫర్ చేసినవాళ్లకు చాలా కంపెనీలు బోనస్ ఇస్తాయి, కాబట్టి మొహమాటం వద్దు. నువ్వు ఉద్యోగం చూస్తున్నట్టు లింక్డిన్‌లో రిక్రూటర్లకే కనపడేలా పెట్టుకోవచ్చట. అయినా మీ ఆఫీసువాళ్ల కంట అస్సలు పడదని లింక్డిన్ కూడా పూర్తి హామీ ఇవ్వదు, చూసుకో. ముందు డబ్బు కట్టమన్నవాణ్ణి దగ్గరికి రానివ్వకు.

సాయం చేసినవాళ్లకు చివరికి ఏమైందో తప్పకుండా చెప్పు. పనయ్యాక ఫోన్ ఎత్తనివాళ్లంటే నాకు గిట్టదు.

కిశోర్ మాట నిజం కాకపోతే సరే. నిజమైతే అద్దె సంగతి ఆలోచించకు, ఒకటో తారీఖుకి నీ ఖాతాలో వేస్తా. మీ అమ్మకు నేను చెబుతాలే. గోంగూర పచ్చడి, కారప్పొడి బస్సు పార్సిల్లో వేశాను. పచ్చడి సీసా మూత వదులుగా ఉంది, నిలబెట్టి పట్టుకెళ్లు. ఆదివారం ఫోన్ చెయ్యి, ఈసారి నాకే చెయ్యి.

మీ నాన్న