మా కాఫీ పొడి పేరు నిలబడింది: అందరికీ కృతజ్ఞతలు

మా కొండ పేరుతో మేము అమ్ముకుంటున్న కాఫీ పొడి పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయమని మేము పెట్టుకున్న దరఖాస్తుపై ఒక పెద్ద కంపెనీ వేసిన అభ్యంతరాన్ని ఆ కంపెనీయే ఉపసంహరించుకుందని నిన్న సాయంత్రం మా న్యాయవాది తెలియజేశారు. అలసట తీరలేదు గాని, ఈ మాటలు ఈ రోజే రాయాలి.

పాడేరు ప్రాంతంలో సొంత తోట గింజలను వేయించి, పొడి చేసి అమ్మే బగత తెగ గిరిజన కుటుంబం మాది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, భయమెందుకని చాలామంది అడిగారు. ఆ గుర్తింపు ఈ ప్రాంతపు పంటకు రక్షణ ఇస్తుంది. మా ప్యాకెట్‌పై ఉన్న పేరును మేమే కాపాడుకోవాలి. కంపెనీ కంటే ముందునుంచి ఆ పేరు వాడుతున్నామని కాగితాలతో చూపించాలి. సంతలో తూచి ఇచ్చిన సరుకుకు కాగితాలు ఎక్కడివి? మా పాత ప్యాకెట్ గాని, బిల్లు గాని దాచుకున్నవారు ఉంటే చెప్పమని తెలిసిన వారందరికీ కబురు పంపాము.

విజయనగరం నుంచి ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి ఫోన్ చేశారు. 2014లో విశాఖపట్నంలో మా దగ్గర కొన్న పొడి బిల్లును ఆయన ఇంటి ఖర్చుల పుస్తకంలో అంటించి ఉంచారు. అసలు పుస్తకాన్ని కొరియర్‌కు అప్పగించడానికి మనసొప్పక, మోకాళ్ల నొప్పులతోనే ఘాట్ రోడ్డు మీద బస్సులో వచ్చి, నోటరీ ముందు అఫిడవిట్‌పై సంతకం చేశారు. బిల్లు ఉన్న పేజీలోనే ఆయన తీర్చిన అప్పు, భార్య మందుల ఖర్చు కూడా రాసి ఉన్నాయి. వాటిని కప్పి జిరాక్స్ తీయిస్తానని అన్నాను. “కప్పితే అనుమానిస్తారమ్మా, ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి” అన్నారు. ముక్కూమొహం తెలియని మా కోసం తన ఇంటి కష్టాన్ని కంపెనీ వకీళ్ల ముందు పరిచిన ఆ మనిషి ఎదుట నేను ఏడ్వకుండా ఉండలేకపోయాను. ఛార్జీలు తీసుకోలేదు. తిరిగి వెళ్తూ డబ్బిచ్చి పొడి కొని, బిల్లు అడిగి మరీ తీసుకున్నారు. తన పేరు రాయవద్దన్నారు, అందుకే రాయడం లేదు.

అమ్మ, నాన్న, తమ్ముడు తోటను, పొయ్యిని చూసుకున్నారు.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. అభ్యంతరం వేసే కంపెనీకీ, జవాబిచ్చే మాకూ ఆన్‌లైన్ రుసుము ఒక్కటే, ఒక్కో సరుకు తరగతికి ₹2,700. నోటీసు అందాక రెండు నెలల్లో జవాబు దాఖలు చేయకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. ఇంగ్లీషులో వచ్చిన ఆ నోటీసు అర్థమయ్యేసరికే సగం గడువు పోయింది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. ఈ సంగతి మాకు ఏ అధికారీ చెప్పలేదు. సంతకు వచ్చిన ఒక లా విద్యార్థిని చెప్పింది. ఆమెకూ, ఆ సహాయం కింద మా తరఫున నిలిచిన న్యాయవాదికీ నమస్కారాలు.

పాత లేబుల్ అచ్చును వెదికి ఇచ్చిన ప్రెస్ యజమానినీ, రాత్రి తలుపు తీసి జిరాక్స్‌లు తీసిన అన్ననూ పైన రాయడం మరిచాను. పక్క ఊరి పసుపు సంఘం అక్కలు కూడా మేము లేని రోజుల్లో మా సరుకును సంతకు మోసుకెళ్లి అమ్మిపెట్టారు. ఇంకెవరినైనా మరిచి ఉంటే మన్నించండి, ఇంటికి వచ్చి చెబుతాను.