జేబుకి తేలిక, చేతికి భారం: మీరు అమ్మిన రివాల్వర్ గురించి ఫిర్యాదు

స్టోర్ మేనేజర్ గారికి,

విషయం: 12 ఔన్సుల రివాల్వర్‌ని తప్పుడు సలహాతో, దానికి పనికిరాని రౌండ్లతో (తూటాలతో) కలిపి అమ్మడం, వేరే మోడల్‌కి మార్పిడి కోరడం.

నమస్కారం. ఉగాది సావనీర్‌లో మీరు వేయించిన ప్రకటన తెలుగులో ఉంది. కౌంటర్ దగ్గర నాతో మాట్లాడిన కుర్రాడు తెలుగువాడు. అమ్మకం మొత్తం తెలుగులోనే జరిగింది కాబట్టి ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. మీ హెడాఫీసుకి పంపాలంటే ఇంగ్లిష్‌లోకి మార్చుకునే పని మీదే.

నాకు డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి షట్టర్ దించి, క్యాష్ తీసుకుని ఒంటరిగా కారు దాకా నడవాలి. మీ దగ్గరికి వచ్చినప్పుడు రెండు మాటలు చెప్పాను: రోజంతా ఒంటి మీద ఉండేది కావాలి, అవసరం పడితే గురి తప్పకుండా కాల్చగలిగేది కావాలి. మీ కుర్రాడికి మొదటి మాటే వినపడింది. "అన్నా, ఇది చూడండి, జేబులో ఉన్నట్టే తెలీదు" అంటూ స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేమ్, టైటానియం సిలిండర్ (రౌండ్లు పెట్టే, తిరిగే భాగం) ఉన్న, .357 మ్యాగ్నమ్ అనే బలమైన రౌండు కాల్చే రివాల్వర్ చేతిలో పెట్టాడు. ధర వెయ్యి డాలర్లు దాటింది. ఈ వ్యాపారంలో బరువు తగ్గేకొద్దీ బిల్లు బరువెక్కుతుందని ఆ రోజే తెలిసింది.

జేబులో తెలీదన్న మాట నిజమే. 12 ఔన్సులంటే 340 గ్రాములు. కానీ గన్ జేబులో ఉండడం వేరు, చేతిలో పేలడం వేరు. అదే రౌండుని సగం బరువున్న గన్‌లో కాలిస్తే చేతి మీద పడే రికాయిల్ (గన్ వెనక్కి తన్నే) శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. ఇది హైస్కూల్ ఫిజిక్స్. ఇదే సైజులో స్టీల్ మోడళ్లు 22, 23 ఔన్సులుంటాయి. వాటిలోనే .357 మ్యాగ్నమ్ కొడితే అనుభవం ఉన్నవాళ్లు కూడా మొహం చిట్లిస్తారు. అలాంటిది అందులో సగం బరువున్న గన్‌ని కొత్తవాడి చేతికిచ్చి "అలవాటైపోతుంది అన్నా" అనడం ఏం సలహా?

ట్రిగ్గర్ సంగతి మీ కుర్రాడు ఎత్తనే లేదు. ఒక్క ట్రిగ్గర్ లాగుడుతోనే హ్యామర్ (గన్‌లోని సుత్తి) వెనక్కి వెళ్లి కొట్టే ఈ రకం డబుల్ యాక్షన్ రివాల్వర్లలో ట్రిగ్గర్ వెనక్కి రావడానికి సుమారు 12 పౌండ్ల బలం కావాలి. గన్ బరువు చూస్తే ముప్పావు పౌండు. తన బరువుకి పదహారు రెట్ల బలంతో వేలు లాగుతుంటే ఆ గన్ కదలకుండా ఎలా ఉంటుంది? పైగా బారెల్ రెండు అంగుళాలు కూడా లేదు. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ (గురి చూసుకునే గుర్తులకి) మధ్య దూరం తక్కువ కాబట్టి పట్టులో చిన్న తేడా వచ్చినా టార్గెట్ దగ్గర పెద్ద తేడా అవుతుంది. పొట్టి బారెల్ రివాల్వర్ చూడ్డానికి కొత్తవాళ్ల గన్‌లా ఉంటుంది కానీ, నిజానికి బాగా సాధన చేసినవాళ్లకే లొంగుతుంది. ఈ ముక్క నాకు చెప్పింది మీ షాపువాళ్లు కాదు, షూటింగ్ రేంజ్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్టర్.

ఇక రౌండ్ల విషయం. నా అసలు ఫిర్యాదు ఇదే. మీరు నాకు రెండు రకాల బాక్సులు అమ్మారు. రోజూ గన్‌లో ఉంచుకోవడానికి 110 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకి కొలత) మ్యాగ్నమ్ హాలో పాయింట్, అంటే మొనలో గుంట ఉన్న బుల్లెట్లు. ప్రాక్టీసుకి చవగ్గా వస్తాయని 158 గ్రెయిన్ల మ్యాగ్నమ్, పైన రాగి తొడుగు లేని ఉత్త సీసం బుల్లెట్లు. ఈ గన్‌లో 120 గ్రెయిన్లకి తక్కువ బుల్లెట్ వాడకూడదని బారెల్ మీదే చెక్కి ఉంది. తేలికపాటి మ్యాగ్నమ్ రౌండ్లతో టైటానియం సిలిండర్ తొందరగా అరిగిపోతుందని తయారీదారు పెట్టిన హెచ్చరిక అది. గన్‌నీ, 110 గ్రెయిన్ల బాక్సునీ ఒకే బిల్లులో కొట్టిన మీవాళ్లు ఒక్కసారైనా ఆ బారెల్ చదివారా?

రెండో బాక్సు ఇంకా ఘోరం. రేంజ్‌లో మొదటి రౌండు పేలగానే బొటనవేలి మొదట్లో చురుక్కుమంది. కొన్ని రౌండ్లకే ట్రిగ్గర్ బిగుసుకుపోయింది. సిలిండర్ తిరగదు, పక్కకి తెరుచుకోదు. రేంజ్ ఆఫీసర్ వచ్చి, గన్‌ని టార్గెట్ వైపే ఉంచమని చెప్పి, పక్కనుంచి టార్చ్ వేసి చూశాడు. సిలిండర్ ముందు భాగానికీ ఫ్రేమ్‌కీ మధ్య ఉండాల్సిన సన్నటి సందులోకి తర్వాతి రౌండు సీసం మొన పొడుచుకొచ్చి అడ్డం పడింది. గన్ విసురుగా వెనక్కి తన్నినప్పుడు ఇత్తడి కేసు గన్‌తోపాటు వెనక్కి పోతుంది, బుల్లెట్ మాత్రం ఉన్నచోటే ఉండబోయి కేసులోంచి కొంచెం కొంచెంగా ముందుకి జారుతుంది. గన్ ఎంత తేలికైతే ఈ ఇబ్బంది అంత ఎక్కువ. సరిగా బిగించని సీసం బుల్లెట్లయితే మరీను. ఆయన సన్నటి రాడ్‌తో దాన్ని మెల్లగా వెనక్కి నెట్టి సిలిండర్ విడిపించాడు. "రివాల్వర్ జామ్ అవ్వడమన్నది ఉండదన్నా, అందుకే పిస్టల్ కంటే ఇది బెస్ట్" అన్న మీ కుర్రాడి మాట నాకు అక్కడే గుర్తొచ్చింది. రాత్రి పదకొండింటికి పార్కింగ్ లాట్‌లో నా జేబులో రాడ్ ఉండదు కదా!

ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ తన దగ్గరున్న .38 స్పెషల్ (మ్యాగ్నమ్ కంటే నెమ్మదైన రౌండు), 148 గ్రెయిన్ల వాడ్‌కటర్లు, అంటే మొన చదునుగా ఉండే బుల్లెట్లు ఇచ్చారు. .357 గన్‌లో .38 స్పెషల్ నిక్షేపంగా కాల్చుకోవచ్చు. దెబ్బ చాలా తగ్గింది, రంధ్రాలు కాగితం మధ్యకి వచ్చాయి. ఎలాగూ .38 వాడాల్సిన గన్‌కి మ్యాగ్నమ్ ధర ఎందుకు కట్టించుకున్నారు? అల్యూమినియం ఫ్రేమ్‌తో 15 ఔన్సుల లోపు వచ్చే స్మిత్ అండ్ వెస్సన్ 642 ఉంది. రూగర్ 2009లో తెచ్చిన ఎల్‌సీఆర్ పదమూడున్నర ఔన్సులు. ఇవన్నీ మీ అద్దాల షెల్ఫులోనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి తీసి చూపించలేదు.

మీవాడు ఇంకో గొప్ప కూడా చెప్పాడు, ఇది మన కాన్పూర్ 'నిర్భీక్' రివాల్వర్ కంటే తేలిక అని. 2014లో ఆడవాళ్ల కోసమని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తెచ్చిన నిర్భీక్ బరువు సుమారు 500 గ్రాములు. అందులో వాడేది నెమ్మదైన .32 రౌండు. అంత బరువుకి అంత చిన్న రౌండు పెట్టిన గన్‌ని, 340 గ్రాములకి మ్యాగ్నమ్ కూర్చిన గన్‌తో పోల్చి గెలిచామనుకోవడం నాకైతే అర్థం కాలేదు. బరువు తగ్గించే పిచ్చి కొత్తదేం కాదు. 1950ల్లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ తన సిబ్బంది కోసం సిలిండర్‌తో సహా అల్యూమినియంతో చేసిన రివాల్వర్లు తీసుకుంది. అవి సురక్షితం కాదని తేలాక వెనక్కి రప్పించి చాలావాటిని నాశనం చేసింది. గన్‌లు అమ్మే కంపెనీకి ఈ చరిత్ర తెలియకపోదు.

హోల్‌స్టర్ గురించి ఒక్క మాట. జేబులో పెట్టుకుంటానని చెప్పినా, ట్రిగ్గర్ గార్డ్ సగం బయటికి కనిపించే మెత్తటి నైలాన్ తొడుగు అంటగట్టారు. అది బెల్టు మీద పెట్టుకునే రకం. జేబుకి కావాల్సింది ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోయేదీ, గన్ బయటికి లాగితే తాను జేబులోనే ఉండిపోయేదీ. తాళాలు, నాణేలు ఆ జేబులో ఉండకూడదని కూడా ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పిల్లలున్నారా, రాత్రి గన్ ఎక్కడ పెడతారు అని అసలు అడగలేదు. లాక్‌బాక్స్ నేనే వేరేచోట కొనుక్కున్నాను.

మీ సావనీర్ ప్రకటన సంగతి కూడా చూసుకోండి. "టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదు, ఎవరైనా కొనొచ్చు" అని వేశారు. 2021 సెప్టెంబర్ 1 నుంచి లైసెన్స్ లేకుండా హ్యాండ్‌గన్ వెంట పెట్టుకునే వీలు వచ్చింది 21 ఏళ్లు నిండి, వేరే చట్టాల ప్రకారం నిషేధం లేనివాళ్లకి. ఆ సావనీర్ చదివేవాళ్లలో ఎంతమంది హెచ్1బీ మీద ఉన్నారో మీకు నేను చెప్పాలా? హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం వాళ్లని గన్ కొననివ్వదు, దగ్గర ఉంచుకోనివ్వదు. గ్రీన్‌కార్డ్ ఉన్న నాకు టెన్షన్ లేదు. మీ ప్రకటన నమ్మి సరదాకి రేంజ్‌లో గన్ అద్దెకి తీసుకునే కుర్రాడి వీసా సంగతేంటి?

నాకు డబ్బు వాపసు వద్దు. వాడిన గన్ వెనక్కి తీసుకోబోమని మీ రసీదు వెనక రాసి ఉందని నాకు తెలుసు. కానీ ఆ నిబంధన మీరు సరైన సలహా ఇచ్చి అమ్మినప్పుడు వర్తించాలి. ఈ గన్‌ని పూర్తి ధరకి వెనక్కి తీసుకుని, హ్యామర్ బయటికి కనిపించని స్టీల్ మోడల్ ఇవ్వండి. అది దీనికంటే చవక. మిగిలిన తేడాకి .38 ప్రాక్టీసు రౌండ్లు, సరైన పాకెట్ హోల్‌స్టర్ ఇస్తే చాలు. తెరవని 110 గ్రెయిన్ల బాక్సు, మిగిలిన సీసం రౌండ్లు మీకే ఇచ్చేస్తాను. కొత్తగా కొనేవాళ్లు డబ్బు కట్టకముందే అదే మోడల్‌ని అద్దెకి తీసుకుని కాల్చి చూసే ఏర్పాటు పెట్టండి. ఆ కుర్రాడి మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. అతనికి కౌంటర్ కంటే ముందు రేంజ్ చూపించండి.

బిల్లు, బారెల్ మీద రాత, రెండు బాక్సుల లేబుళ్లు, ఇరుక్కున్న సిలిండర్ ఫొటోలు జతచేశాను. ఇరవై రోజుల్లో జవాబు రాకపోతే రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల ఫిర్యాదు పెడతాను. ఫోన్ చేయాలంటే మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, పొద్దున డెలివరీ ట్రక్కులతో సరిపోతుంది.

ఇట్లు,
మీ కస్టమర్
(పేరు, ఫోన్ నంబర్ బిల్లు మీద ఉన్నాయి)